నీళ్లు ఇంకని అడవి

ఆ కొండవాలు నేల గురించి కాగితాలు రాసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, దాన్ని పదకొండేళ్లు వేళ్ల మధ్య నలిపి తెలుసుకున్న మనిషి ఒక్కతే. ఆమె పేరు జమ్ములమ్మ. ఊరేదని అడిగితే గద్వాల దగ్గర అని చెప్పేది. చెప్పడమే గానీ అక్కడ వారం రోజులు వరసగా ఉన్నది లేదు. పుట్టింది ఒక ఆనకట్ట కింద డేరాలో, నడక నేర్చింది ఇంకో ఆనకట్ట కింద, మెడలో పుస్తె పడింది మూడోదాని కింద. వాళ్లమ్మదీ అంతే, అమ్మమ్మదీ అంతే. మన్ను ఎక్కడ తవ్వాలంటే అక్కడికి రైలెక్కడం, పని కాగానే డేరా చుట్టుకుని ఇంకోచోటికి ఎక్కడం.

హిమాలయాల్లోకి సొరంగం పని మీద వచ్చారు. సొరంగం అయిపోయింది, పెద్ద కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, పన్నెండు కుటుంబాలు మాత్రం వెళ్లలేదు. ఆ వాలు మీదే అడవి నేలల పరిశోధనశాల ఒకటి వెలిసింది. వాళ్లకు గోతులు తవ్వేవాళ్లు కావాలి, వీళ్లకు తవ్వడం తప్ప ఇంకోటి రాదు. అడవి అంచున ఇళ్లు కట్టుకోమన్నారు. జమ్ములమ్మా, మొగుడు కురుమన్నా కొండరాళ్లు పేర్చి రెండు గదులు లేపారు. ఎత్తుకుపోవడానికి వీల్లేని వస్తువు ఆ వంశంలో అదే మొదటిది. కట్టిన ఏడాది దాకా జమ్ములమ్మ పొద్దున లేవగానే గోడ మీద చెయ్యి పెట్టి చూసుకునేది, ఉందా లేదా అన్నట్టు.

ఆ ఇంట్లో ఒకటే ఇబ్బంది, చెమ్మ. నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. దానికి కారణం ఇంట్లో లేదు, కొండలో ఉంది.

పదివేల ఏళ్ల కిందట ఆ లోయ నిండా మంచు ఉండేదట. ఏనుగంత బండనూ ఆవగింజంత ఇసుకనూ ఒక్క తీరుగా ఈడ్చుకొచ్చి, కలగలిపి, పైన కూర్చుని అదిమి, ఆ తర్వాత కరిగిపోయింది. ఏరు తెచ్చిన రాయి నున్నగా ఉంటుంది. మంచు తెచ్చిన రాయి మీద గీతలుంటాయి, పిల్లి గీరినట్టు. అలా అదిమిన మన్ను అడుగున గట్టిపొర అయి కూర్చుంది. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. వాన పడితే నీళ్లు మూడు జానల లోతు దాకా దిగి, ఆ గట్టిపొర మీద ఆగిపోతాయి. కిందికి పోవు, పక్కకూ సరిగ్గా పోవు. పైన చూస్తే పాచి, సూదాకులు సగం కుళ్లిన నల్లటి మెత్తటి పరుపు. దాని కింద బూడిదరంగు మన్ను, అందులో తుప్పు చుక్కలు. నీళ్లు నిండినప్పుడు మన్ను బూడిదరంగుకు వస్తుంది, నీళ్లు తగ్గి గాలి తగిలినచోట తుప్పు పడుతుంది. ఇంకా లోతుకు పోతే చుక్కలు కూడా ఉండవు, ఉత్త బూడిదే. అక్కడ గాలి ఏనాడూ దూరలేదన్నమాట.

చెట్ల సంగతి చూస్తే జాలేస్తుంది. నూరడుగుల చెట్టుకు వేరు మూడు జానలు. పళ్లెం పరిచినట్టు పైపైనే పరుచుకుంటాయి. గాలి గట్టిగా కొట్టిందా, పళ్లెంతో సహా లేచి పడుకుంటాయి. ప్రతి వానాకాలం వంద చెట్లు కూలి కింది రోడ్డు మీద పడేవి. ఆ రోడ్డు కింద నాలుగువేల మంది ఉండే బజారూరు.

దీనికి మందు కనిపెట్టిన మనిషి డాక్టర్ ఉమామహేశ్వరి. విజయనగరం వైపు మనిషి. జమ్ములమ్మ వాళ్లు మొదట్లో ఆమెను మోకాళ్ల నొప్పులకు గోళీలడిగారు. నేను మట్టి డాక్టర్నమ్మా అంటే, మన్నుకు నొప్పులు మాన్పేదానివి మనిషికి మాన్పవా అన్నారు. చివరికి ఆమె కింది ఊరినుంచి నిజంగానే గోళీలు తెప్పించి పెట్టుకుంది.

ఒకనాడు ఆమె గాజుసీసాలో గోధుమరంగు నీళ్లు తెచ్చి చూపించింది.

"జమ్ములమ్మా, చూడు. మన పురుగులు."

జమ్ములమ్మ సీసాను వెలుతురుకెత్తి చూసింది. "ఏడున్నయమ్మా? నాకు చాయ నీళ్లే కానొస్తున్నయ్."

"కంటికి ఆనవు. ఈ సీసాలో కోట్లున్నాయి. ఇవి తుప్పు తింటాయి. తుప్పు చుక్క ఉన్నచోటల్లా తినుకుంటూ పోయి, గట్టిపొరలో సన్నటి గొట్టాల్లా దార్లు చేస్తాయి. ఆ దార్లో చెట్టు వేరు దిగుతుంది."

"తినుకుంట తినుకుంట పాతాళం దాంక పోతే?"

"పోవు. తుప్పు లేని ఉత్త బూడిదమన్ను తగిలితే అక్కడ గాలుండదు కదా, పడుకుంటాయి. గట్టిపొర రెండు జానల మందం. పై జానలో తుప్పుంది, కింది జానలో లేదు. పై జాన తిని ఆగిపోతాయి. కింది జాన మూతలా మిగులుతుంది. నీళ్లు నిలుస్తాయి, చెట్టూ నిలుస్తుంది."

జమ్ములమ్మ సీసాను తిరిగిచ్చింది. "మంచి పురుగులే. మా ఆయనకన్న నయ్యం. తినుడు ఏడ ఆపాలెనో ఆయనకు తెల్వదు."

గట్టిపొర ఏ చోట ఎంత లోతులో ఉందో ముందు తెలియాలి. అందుకని వాలు పొడవునా నలభై గోతులు తవ్వించారు. జమ్ములమ్మ ముఠా తవ్వింది. వాళ్ల తవ్వకంలో ఒక పద్ధతుంది. గోతి నడుమ మూరెడు వెడల్పు మట్టిదిమ్మెను తవ్వకుండా నిలబెడతారు. దాన్ని సాక్షి దిమ్మె అంటారు. చుట్టూ ఎంత తవ్వినా, దిమ్మె తల చూస్తే పాత నేలమట్టం ఎక్కడుండేదో తెలుస్తుంది. ఆనకట్టల దగ్గర కొలతలన్నీ దాని మీదే. డాక్టరమ్మకు ఆ దిమ్మెలు తెగ నచ్చాయి. గోతి అంచులు తొక్కిడికి పాడవుతాయి గానీ, నడుమ దిమ్మె నాలుగు వైపులా పొరలు చూపిస్తూ నిలబడి ఉంటుంది. వాటినుంచే కొలవమని పురమాయించింది.

కొలిచింది సుగుణ. జమ్ములమ్మ కూతురు. పిల్ల చిన్నప్పటినుంచీ హాస్టళ్లలో చదివింది, గోతిలోకి ఒక్కనాడూ దిగనివ్వలేదు తల్లి. ఇరవై రెండో ఏట పరిశోధనశాలలో పనికి కుదిరింది. రంగుల పుస్తకం ఒకటి పట్టుకుని, అందులో ముక్కల పక్కన మట్టి పెట్టి, ఇది ఫలానా బూడిద, ఇది ఫలానా తుప్పు అని రాసేది. ఆ పుస్తకంలో బూడిదరంగులు ఇన్నున్నాయని జమ్ములమ్మకు అప్పుడే తెలిసింది. సుగుణ టేపు పట్టుకుని నలభై దిమ్మెల తలనుంచి గట్టిపొర దాకా కొలిచి అంకెలు వేసింది. ఒక్క అంకె కొట్టివేత లేకుండా శుభ్రంగా వేసింది.

ఆ అంకెల ప్రకారం ఎండాకాలంలో ఇనప గొట్టాలు దింపారు. గొట్టం కొననుంచి ఒత్తిడితో పురుగుల నీళ్లు లోపలికి పంపారు. నాలుగు వందల గొట్టాలు, పది రోజులు. కురుమన్న గొట్టాలు మోశాడు. ప్రతి గొట్టానికీ, అమ్మా నీకింత పులుసు, నీకింత పులుసు, అంటూ వడ్డన చేస్తున్నట్టు మాట్లాడి అందర్నీ నవ్వించాడు.

ఆ వానాకాలం అడవిలో నాలుగంటే నాలుగు చెట్లు పడ్డాయి. రోడ్డు ఒక్కరోజు కూడా మూతపడలేదు. పెద్దాఫీసర్లు వచ్చి చెట్లను ఊపి చూసి, ఫొటోలు దిగి వెళ్లారు. డాక్టరమ్మ పన్నెండు ఇళ్లకూ మిఠాయి పంచింది.

జమ్ములమ్మకు అంతకన్నా పెద్ద మిఠాయి ఇంట్లోనే దొరికింది. నేల ఆరింది. పదకొండేళ్లలో మొదటిసారి బియ్యం సంచి నేల మీద పెడితే అడుగు నల్లబడలేదు. గోడలకు చెమట పట్టలేదు. పక్కింటి తిమ్మక్క వచ్చి అరికాలితో నేల రాసి చూసింది.

"ఏమ్మో, మీ ఇంట్ల పీఠ ఏస్కొని కూసునేటట్టున్నది గద."

"మీ ఇంట్ల లేదా?"

"మా ఇంట్ల గూడ అంతే. నా కోడలు నేల మీద పండుకొని లేస్తలేదు. ముందు తడి అని మంచం దిగకపోతుండె, ఇప్పుడు పొడి అని లేస్తలేదు."

ఆ ఏడాది పన్నెండు ఇళ్లలోనూ నేలకు మట్టి మెత్తి, పేడ అలికి, ముగ్గులు వేసుకున్నారు. వేసిన ముగ్గు మర్నాటికీ ఉంటుందన్న సంగతి వాళ్లకు కొత్త.

రెండో ఏడు వేసవిలో ఊట ఎండింది. ఇళ్ల పైన రాళ్ల మధ్యనుంచి వేలెడు ధారగా వచ్చే నీళ్లు దారమంతయ్యాయి, తర్వాత అదీ లేదు. వాన తక్కువని అనుకున్నారు. అడవిలో పాచి గోధుమరంగుకు తిరిగి, కాలికింద అప్పడంలా విరగడం మొదలుపెట్టింది. అప్పుడూ ఎండలని అనుకున్నారు.

జమ్ములమ్మ ఆ వేసవిలో ఇంటి పైవైపు కంచెకు గుంజలు పాతుకుందామని గడ్డపార తీసింది. ఆ చోట గట్టిపొర ఎంత లోతో ఆమె చేతులకు తెలుసు. మూడు జానలు దిగగానే మోచేతులు బిగబట్టి ఖంగుమనే దెబ్బకు సిద్ధపడింది. గడ్డపార ఏమీ అడ్డులేనట్టు కిందికి పోయింది. ఆమె కూడా దాంతోపాటు ముందుకు తూలి మోకాళ్ల మీద పడింది.

తవ్వి చూసింది. గట్టిపొర ఉంది గానీ, ఎండు రొట్టెలా పొడిపొడిగా ఉంది. రాయిలాంటి మన్ను చిటికెలో నలిగింది. ఆమె పిడికెడు తీసి వెలుతుర్లో రంగు చూసింది. పై జానే కాదు, కింది జాన కూడా ఎర్రగా ఉంది. బూడిద ఎక్కడా లేదు. అడుగున రాళ్లపొర తగిలింది, అందులో నీళ్ల చప్పుడు వినిపించింది.

పిడికెడు మన్ను కొంగులో కట్టుకుని పరిశోధనశాలకు పోయింది. డాక్టరమ్మ దాన్ని తెల్ల కాగితం మీద పోయించుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఎంత లోతులోది?"

"నా ఛాతి లోతు."

"అలా అవ్వదు జమ్ములమ్మా. పై జాన తిని ఆగిపోవాలి."

"ఆగలే. నేను దొర్లిపడ్డ గద, నాకు తెల్వదా?"

సుగుణను అంకెల కట్ట తెమ్మన్నారు. గొట్టాలు దించిన లోతులూ, దిమ్మెల కొలతలూ పక్కపక్కన పెట్టి చూశారు. అన్నీ సరిపోయాయి. మళ్లీ చూశారు, మళ్లీ సరిపోయాయి. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"పద. ఒక దిమ్మె దగ్గరికి పోదాం."

పదిహేడో గోతికి పోయారు. రెండేళ్లలో గోతి సగం పూడింది గానీ దిమ్మె నిలబడే ఉంది, తల మీద మొలిచిన గడ్డితో. సుగుణ టేపు కొస దిమ్మె తల మీద ఆనించింది. జమ్ములమ్మ ఆ చేతిని చూసింది, టేపు కొసను చూసింది, దాని కిందున్న గడ్డిని చూసింది.

"బిడ్డా," అంది, "నువ్వప్పుడు గిట్లనే కొలిచినవా?"

"ఇట్లనే కొలిచిన. ఏం?"

"గడ్డ తియ్యకుంటనే?"

"ఏం గడ్డ?"

జమ్ములమ్మ గోతిలోకి దిగింది. రెండు చేతులూ దిమ్మె తలకు అటూ ఇటూ పెట్టి, టోపీ తీసినట్టు పైకి లేపింది. జానెడు మందం మట్టిగడ్డ ఒక్క ముక్కగా ఊడొచ్చింది. దాని కింద ఇంకో తల ఉంది. అక్కడా నల్లటి పరుపు, ఎండిన పాచి, పాత సూదాకులు. అసలు నేలమట్టం అది.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. తవ్వకంలో లేచిన మొదటి గడ్డను పారెయ్యరు. తల్లిని కోస్తున్నాం కనుక కోసిన మొదటి ముక్క మళ్లీ తల్లి నెత్తినే పెడతారు, దిమ్మె మీద. ఆనకట్టల దగ్గర ఓవర్సీర్లందరికీ ఆ సంగతి తెలుసు. వచ్చినవాడు కాలితో దాన్ని దొర్లించి అప్పుడు కొలిచేవాడు. చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదు. మట్టి పనిలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, సుగుణను ఆ పనిలోకి రానివ్వలేదు.

"నలభైటికీ పెట్టారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పెట్టకుండ ఎట్లుంటమమ్మా?"

సుగుణ గోతి అంచున చతికిలబడింది. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడగలే. నేను జెప్పలే." జమ్ములమ్మ గడ్డను పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "నీకు తెల్సు అనుకున్న. నా కడుపున పుట్టినవ్ గద, దాంతోనె తెలుస్తది అనుకున్న."

ఆ సాయంత్రం లెక్క తేలింది. ప్రతి గొట్టమూ జానెడు ఎక్కువ లోతుకు పోయింది. పొర పై అంచున దిగాల్సిన కొన, పొర నడుముకు దిగింది. ఒత్తిడికి కింది జాన బీటలిచ్చింది. బీటలోంచి నీళ్లు రాళ్లపొరలోకి జారాయి, నీళ్ల వెనకే గాలి దూరింది, గాలి తగిలినచోట బూడిదమన్ను తుప్పుపట్టింది. తుప్పుపట్టిందల్లా పురుగులకు మేత. అవి తింటే ఇంకా కొంచెం నీళ్లు జారతాయి, ఇంకా కొంచెం తుప్పు పడుతుంది. ఎక్కడా ఆగే జాగా లేదు.

"ఇప్పుడు కొండ అడుగున రాళ్లపొరలో నీళ్లు పారుతున్నాయి," అంది డాక్టరమ్మ. గొంతులో ఏ తేడా లేదు, పాఠం చెబుతున్నట్టుంది. "వానాకాలం వస్తే ఉధృతంగా పారతాయి. పైన మన్ను పొడి అయిపోయింది, అడుగున పట్టు లేదు. వాలు మొత్తం జారి బజారు మీద పడుతుంది."

"వానలు ఎన్నడు?" అని కురుమన్న అడిగాడు.

"మూడు వారాలు."

 సుగుణ అడిగింది, ఆ పురుగుల్ని చంపే మందేదీ లేదా అని. లేదు, ముంచడం ఒక్కటే దారి అంది డాక్టరమ్మ. గాలి అందకుండా నిండా నీళ్లు నిలబెడితే అవి పడుకుంటాయి. పారకుండా నిలిచిన నీళ్లతో ఆ వాలు పదివేల ఏళ్లు నిలబడే ఉంది. పారే నీళ్లతోనే ప్రమాదం. రాళ్లపొరకు అడ్డంగా, కింది బండరాయి దాకా బంకమట్టి గోడ దింపితే, నీళ్లు వెనక్కి తన్ని కిందినుంచి పైకి నిండుతాయి. ఆమె పటం పరిచి, ఇళ్లకు పైన ఒక గీత గీసింది.

జమ్ములమ్మకు పటాలు తెలియవు. "గీ గీత మా ఇండ్లకు మీదనా, కిందనా?"

"మీద. మీ ఇళ్లకు ఏమీ కాకుండా."

"ఆడ బండరాయి ఎంత లోతున్నదమ్మా?"

డాక్టరమ్మ పటం మీది అంకె దగ్గర వేలు పెట్టింది. "ముప్ఫై అడుగులు. యంత్రాలు అడిగాను. రోడ్డు ఎక్కి రావడానికే నెల పడుతుందన్నారు."

"మా ఇండ్ల కింద మనిషెత్తు తవ్వితే బండ తగులుతది. పాయిఖాన గుంతలు తవ్వింది మేమే గద. ఆడ రాళ్లపొర సన్నగైతది." జమ్ములమ్మ వేలితో పటం మీద ఇంకో గీత గీసింది. అది ఇళ్లకు కింద ఉంది. "గీడనైతే మా పన్నెండిండ్ల చేతులు చాలు. రెండు వారాలు."

ఆ గీతకు పైనున్నదంతా మునుగుతుందని అక్కడ అందరికీ తెలుసు. కురుమన్న లేచి బయటికి పోయాడు.

ఇంట్లో అతను అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"మా అయ్య కట్టిన కట్టలకు ఎన్నూర్లు మునిగినయో లెక్కలేదు," అన్నాడు. "మునిగేటోల్లు వచ్చి మమ్ముల తిట్టేటోల్లు. మాదేమున్నది, తవ్వుమంటే తవ్వినం అంటుండె మా అయ్య. ఇప్పుడు మనల మనం తిట్టుకోవాల్నా?"

"తిట్టుకుందాం తియ్. ముందు తిను."

"నువ్వు జెప్పకపోతే ఎవ్వరికి తెల్వకపోతుండె. గడ్డ సంగతి."

"తెల్వకపోతే వాన ఆగుతదా?"

"మీద గీత మీదనే తవ్వుదాం. ముప్పై అడుగులు నేను తవ్వుత."

"నీకు యాభై ఎనిమిదేండ్లు. నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తది. నువ్వు ముప్పై అడుగులు తవ్వేలోపట కింద బడిల పిల్లలు పెండ్లిళ్లు చేసుకుంటరు, బతికుంటే."

అతను నవ్వబోయి ఆగాడు. గోడవైపు చూశాడు. ఆ గోడలో ప్రతి రాయీ అతని భుజం మీదే వచ్చింది.

"జమ్ములూ, మల్ల డేరానా?"

ఆమె గరిటె అందుకుంది. అతని పళ్లెంలో పప్పు పోసింది.

మర్నాడు పన్నెండు ఇళ్లవాళ్లనూ కూర్చోబెట్టి జమ్ములమ్మే చెప్పింది. తప్పు ఎట్లా జరిగిందో, ఎవరి చేతిమీద జరిగిందో, ఇప్పుడు ఏం మునుగుతుందో అన్నీ చెప్పింది. తిమ్మక్క కోడలు ఏడ్చింది. ఒకరిద్దరు మొగవాళ్లు గట్టిగానే తిట్టారు. జమ్ములమ్మ తలొంచుకుని విన్నది. చివరికి తిమ్మక్క కొంగు నడుముకు దోపుకుంది.

"తిట్టుడైతే తవ్వుకుంట గూడ తిట్టొచ్చు," అంది. "గడ్డ పెట్టింది ఆమె ఒక్కతే గాదు. నా చేతుల మీద గూడ పది గోతులున్నయ్. నేను గూడ జెప్పలే."

బండ దాకా కందకం తవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి కందకం నడుమ ఎక్కడా దిమ్మె నిలబెట్టలేదు, కొలిచేదేమీ లేదు కనుక. లోయ అడుగునుంచి బూడిదరంగు బంకమన్ను తట్టలతో పైకి తెచ్చారు. డాక్టరమ్మ మోసింది, సుగుణ మోసింది. బజారునుంచి యాభైమంది వచ్చి మోశారు. వాళ్లలో చాలామంది అంతకుముందు ఈ డేరా మనుషుల్ని పలకరించినవాళ్లు కాదు. జానెడు జానెడు మన్ను పోసి, నీళ్లు చల్లి, ఆడవాళ్లు వరసకట్టి కాళ్లతో తొక్కారు. గాలి బుడగ మిగలకుండా తొక్కాలి. సుగుణ తల్లి పక్కన నిలబడి తొక్కింది. మొదటిరోజు ఆమె కాళ్లు బొబ్బలెక్కాయి.

"మడిమె గాదు బిడ్డా, ముందు మునివేళ్లు దించాలె," అంది జమ్ములమ్మ.

"ఇది కూడా నేను అడగలేదనే చెప్పలేదా?"

"అడగకముందే చెప్తున్న. ఇగ అన్నీ చెప్త."

పదిహేనో రోజుకు గోడ అయింది. పదిహేడో రోజు, అనుకున్నదానికన్నా ముందే, వానలు పట్టాయి. ఇళ్లలో సామాన్లు అప్పటికే పరిశోధనశాల వెనక రేకుల షెడ్డులోకి చేరాయి. పన్నెండు కుటుంబాలకూ అదే ఇల్లయింది, తాత్కాలికమని కాగితంలో రాశారు. ఆ మాట చదివి చెప్పించుకుని కురుమన్న, మనకు తెలిసిన మాటే అన్నాడు.

నీళ్లు బంకమట్టి గోడకు తగిలి వెనక్కి తన్నాయి. ముందు వాకిళ్లలో ఊరాయి, తర్వాత గుమ్మాల దగ్గర. ఎండిన ఊట మళ్లీ కారింది. డాక్టరమ్మ వాలంతా సూదుల్లాంటి మీటర్లు గుచ్చి, మట్టిలో గాలి ఎంతుందో పొద్దునా సాయంత్రమూ రాసుకుంది. కింది బజారులో బడి మూసేసి, సగం జనాన్ని అవతలి గట్టుకు పంపారు. మిగతా సగం కొండవైపు చూస్తూ కూర్చున్నారు.

వానలు పట్టిన పదకొండో రోజు మధ్యాహ్నం జమ్ములమ్మ గడ్డపార తీసుకుని ఇంటికి పోయింది. వాలు మీది ఇల్లు కనుక ముందు గుమ్మం పల్లంలో ఉంది, వంటగది ఎత్తులో ఉంది. గుమ్మం దగ్గర మోకాలు దాకా నీళ్లు. వంటగదిలో ఇంకా పాదం తడిసేంతే. పొయ్యి పక్కన, తాను అలికిన నేలలో ముగ్గు మరక ఇంకా కొంచెం కనిపిస్తోంది. ఆ పక్కనే గడ్డపార దించింది.

డాక్టరమ్మ మీటరు పట్టుకుని నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. "ఏం చేస్తున్నావు? గోడ నాని ఉంది, బయటికి రా."

"నీ సూది ఏం జెప్పింది?"

"ఇంకా ఊగుతోంది. రెండు రోజులాగితే గానీ చెప్పలేను."

జమ్ములమ్మ వంగి మోచెయ్యి దాకా గుంటలోకి పెట్టింది. అడుగున వేళ్లు తిప్పి, పిడికెడు మన్ను పైకి తీసింది. గుప్పుమని కుళ్లిన గుడ్ల కంపు గదంతా నిండింది. డాక్టరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జమ్ములమ్మ మాత్రం ఆ మన్నును ముక్కు దగ్గరికి తీసుకుని నిండా పీల్చింది. ఎండిన చెరువుల్లో పూడిక తీసిన రోజులనుంచీ ఆ కంపు ఆమెకు తెలుసు. గాలి చొరబడని మన్నుకు తప్ప ఇంకో మన్నుకు ఆ వాసన రాదు. పిడికిలి విప్పి కిటికీ వెలుతుర్లో చూపించింది. తుప్పు అంచులనుంచి కరిగిపోతోంది. నడుమ బూడిదరంగు తిరిగొస్తోంది.

"పండుకున్నయమ్మా," అంది. "బజారోల్లను ఇండ్లకు రమ్మను."

డాక్టరమ్మ తన వేలితో ఆ మన్నును నలిపి చూసింది. తర్వాత మీటరు స్విచ్చి ఆపేసింది. "రిపోర్టులో ఏం రాయమంటావు? ఆ జానెడు సంగతి."

"ఉన్నది రాయ్. నా పేరు రాయ్. బిడ్డ పేరు రాయకు."

"నా పేరు మొదట రాయాలి. అడగాల్సింది నేను."

బయటినుంచి కురుమన్న గొంతు వినిపించింది. "ఏం జేస్తున్నవే లోపట? గోడ కూలుతది."

"వస్తున్న."

ఆమె తీసిన మన్నును మళ్లీ గుంటలోనే వేసి, కాలితో అదిమి, పైన అరచేత్తో చదును చేసింది. గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఇంట్లోంచి పోయేటప్పుడు బురద కాళ్లతో గడప దాటే అలవాటు ఆమెకు లేదు. గుమ్మం దగ్గర ఆగి చెంబు కోసం చూసింది. చెంబు లేదు, గడప కూడా కనబడటం లేదు. అక్కడున్న మోకాలిలోతు నీళ్లలోనే రెండు కాళ్లూ ఒకదానితో ఒకటి రుద్ది కడుక్కుని, బయటికి నడిచింది.